ఉడుకు కారు ఇమ్మానుయేలు

లింగం బతికినంత కాలం పండరి పటేలు పొలాల్లో జీతగాడు. చెరుకు ఆకులు కోసిన గీతలు అతని ముంజేతుల నిండా ఉండేవి, ఎండిపోయిన వాగుల్లా. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా అతని చెవులు పటేలు పిలుపు కోసం తెరుచుకునే ఉండేవి. కొడుకు ఇమ్మానుయేలు ఆ చేతులను, ఆ చెవులను చూస్తూ పెరిగాడు. అతనికి పెద్ద కోరికలేవీ లేవు. ఒకటే కోరిక. ఎవరి పొలం గట్టు మీదా, ఎవరి పిలుపు కోసమూ తాను నిలబడకూడదు.

లింగం చనిపోయిన ఏడాది, తొంభై రెండులో, పటేలు డీజిల్ అంబాసిడర్ కొన్నాడు. మంజీర ఒడ్డున ఉన్న ఆ ఊరికి అదే మొదటి కారు. వాన వెలిసిన సాయంత్రం మట్టిరోడ్డు మీద అది వస్తుంటే చెరుకు పూత నడిచి వస్తున్నట్టు కనిపించింది. ఇమ్మానుయేలుకు ట్రాక్టరు తోలడం వచ్చు. పటేలు పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి అతని చేతులకు చెరుకు ఆకు తగలలేదు. ఇంజన్ మీద చెయ్యి వేస్తే నిద్రపోతున్న పశువు పక్కటెముకల్లా కదిలేది. డీజిల్ వాసన అతని చొక్కాల్లోకి, అన్నంలోకి, ప్రార్థనలోకి కూడా చేరింది.

తొంభై తొమ్మిదిలో పటేలు కొడుకు సాయిప్రసాద్ కొత్త బండి తెచ్చాడు. పాత కారు పశువుల కొట్టం పక్కకు జరిగింది. ఒకరోజు పటేలు ఇమ్మానుయేలును పిలిచాడు.

"ఇగ గీ ముసల్ది మాకెందుకురా. నువ్వే తీస్కపో. బాన్సువాడల కిరాయికి నడుపుకో."

"నిజంగనా పటేలా?"

"నేనెప్పుడన్న మాట తప్పిన్నా? నీదే. పో."

కాగితాల మీద పేరు మార్చుకునే సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇమ్మానుయేలు కారును నేరుగా చర్చి ముందుకు తోలుకుపోయాడు. పాస్టరు బానెట్ మీద చేతులుంచి ప్రార్థన చేశాడు. భార్య పూలమ్మ కొంగుతో తలుపు పిడిని తుడిచి, ముందు సీట్లో కూర్చుని, ఏం చేయాలో తెలియక నవ్వింది.

"ఇగ నాకు పటేలు లేడు పూలమ్మా. గీ బండికి నేనే పటేలును."

"బండి నీకు పటేలు కాకుంటె చాలు తియ్," అంది పూలమ్మ.

ఇద్దరూ బాన్సువాడకు మారి, బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఎండాకాలం రాగానే కారు వేడెక్కడం మొదలుపెట్టింది. బిచ్కుంద దాకా వెళ్లేసరికి వేడి చూపే మీటరులో ముల్లు ఎర్రగీత మీద వాలిపోయేది. మూత తీస్తే రేడియేటర్‌లోంచి ఆవిరి లేచి, ఇమ్మానుయేలు ముఖం కాసేపు ఈ లోకంలో లేనట్టు మాయమయ్యేది. నీళ్లు పోసేవాడు. కొంత దూరం పోయాక మళ్లీ పోసేవాడు. ఆ దారిలో ఏ బోరింగు ఎక్కడుందో, ఏ ఇంటి అవ్వ బిందె అడిగితే ఇస్తుందో, ఏ అవ్వ తిడుతూ ఇస్తుందో అతనికి కంఠస్థమైంది.

బిచ్కుంద రోడ్డు మీద రెడ్యాది తడికల షెడ్డు. తండా నుంచి వచ్చి లారీల కింద పడుకుని పని నేర్చుకున్న మెకానిక్కు రెడ్యా. ఏ బండి లోపం విన్నా ముందు నవ్వేవాడు.

"రేడియేటర్ మూసుకపోయిందే అన్నా. నీ బండికి మలబద్ధకం."

రేడియేటర్ విప్పి, సోడా నీళ్లలో ఉడకబెట్టి, సన్నని ఊచలతో గొట్టాలన్నీ పొడిచాడు. తుప్పు బురద ఎర్రగా కారింది. వారం రోజులు కారు చల్లగా నడిచింది. తర్వాత ముల్లు మళ్లీ లేచింది. వేడిని ఆపి వదిలే చిన్న వాల్వును తీసి అవతల పారేశాడు రెడ్యా. "గిది చలి దేశాలకు. మన ఎండలకు దీంతోటి ఏం పని?" ఫ్యానుకు ఎక్కువ రెక్కలున్నది తెచ్చి బిగించాడు. వాటర్ పంపు మార్చాడు. చివరికి ముందు జాలీ కోసి, పాత లారీది పెద్ద రేడియేటర్ ఇరికించాడు. కారు నోరు తెరుచుకుని దాహం అడుగుతున్నట్టు తయారైంది. ముల్లు మాత్రం తన దారిన తాను లేచేది.

ఒకరోజు ఇంజన్ నడుస్తుండగా మూత తీసి ఇద్దరూ వంగి చూశారు. నీళ్లలోంచి సన్నని బుడగలు ఒకదాని వెంట ఒకటి తేలి వస్తున్నాయి. లోపల ఎక్కడో చేప ఊపిరి తీస్తున్నట్టు.

రెడ్యా ఆ రోజు నవ్వలేదు. "మంట పోయి నీళ్లల్ల కలుస్తుందే. లోపట పగిలింది."

ఇంజన్ పైభాగం, హెడ్డు, విప్పి నిజామాబాద్ తీసుకెళ్లారు. వెంట్రుకంత పగులు దొరికింది. వెల్డింగు చేయించి, లేత్ మీద చదును చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించారు. ఇమ్మానుయేలు మూత తీసి చూశాడు. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. అందులో ఆకాశం ముక్క, తన ముక్కు కొస. ఆ వానాకాలమంతా అతను అప్పుడప్పుడూ ఊరికే కారు ఆపి, మూత తీసి, ఆ నిశ్చలాన్ని చూసుకుని మళ్లీ బయల్దేరేవాడు.

దసరా దాటాక బుడగలు తిరిగి వచ్చాయి.

"పగులు హెడ్డుల కాదు, ఇంకా కిందికున్నది," అన్నాడు రెడ్యా. "ఇంజనే మార్చాలె."

ఇంజన్ మార్చడమంటే ఇంకో కారు కొన్నట్టే. ఇద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పటికి బాన్సువాడ కిరాయి బండ్ల అడ్డా మీద కొత్త బండ్లు దిగాయి. అద్దాలు మూసి, చల్లగా, పాటలతో పోయే బండ్లు. కిరాయికి వచ్చినవాళ్లు ఇమ్మానుయేలు కారును దాటి వాటి దగ్గరికి పోయేవారు. "ఏసీ ఉన్నదా అన్నా?" అని అడిగి, జవాబు రాకముందే నడిచిపోయేవారు. అడ్డా మీద నిలబడి పిలుపు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒక్కోసారి అతనికి లింగం గుర్తొచ్చేవాడు. వెంటనే గుడ్డ తీసి అద్దం తుడవడం మొదలుపెట్టేవాడు.

రెడ్యా దగ్గరికి యాక్సిడెంటయిన బండిలోని ఏసీ ఒకటి వచ్చింది.

"పెడ్దామా అన్నా?"

"ఉడికే ఇంజన్ మీద ఏసీయా? పిస లేసిందా నీకు?"

"లోపట చల్లగుంటె ముంగట ఏం ఉడుకుతుందో ఎవరు చూస్తరే?"

అది తప్పని ఇద్దరికీ తెలుసు. ఏసీ నడవాలంటే ఇంజన్ ఇంకా కష్టపడాలి, ఇంకా కాగాలి. కానీ అది చలికాలం. బాన్సువాడ మీద మంచు పలచగా పరుచుకుని ఉంది. అలాంటి పొద్దుల్లో ఎండాకాలం ఒక పుకారులా అనిపిస్తుంది. ఏసీ పెట్టారు. దానితో పాటే వచ్చిన హీటరునూ, పారేయడం ఎందుకని, రెడ్యా బిగించేశాడు. అడ్డా మీద జనం ఒకరి తర్వాత ఒకరు లోపల కూర్చుని, ముఖాలు ఆ గాలికి పెట్టి వెళ్లారు. వైశాఖంలో పెళ్లికి బండి కావాలని నరేష్ అనే పెళ్లికొడుకు ఇంటి నుంచి ముందే మాట ఇచ్చిపోయారు. పెళ్లికొడుకు కారు. పూల దండలు వేసి, అందరికంటే ముందు పోయే కారు. అది ఒక్కటి సరిగ్గా జరిగితే ఆ ఎండాకాలం పెళ్లిళ్లన్నీ తనవే అనుకున్నాడు ఇమ్మానుయేలు.

పెళ్లి మద్నూర్‌లో. బాన్సువాడ నుంచి బయల్దేరినప్పుడు కారులో మల్లెల వాసన, చల్లని గాలి. వెనక నరేష్, నుదుటన బాసికం, పక్కన అతని అక్క భాగ్యవతి. బిచ్కుంద దాటగానే ముల్లు లేచింది. ఇమ్మానుయేలు ఏసీ ఆపాడు.

"ఏందన్నా, గాలి ఆగింది?" అంది భాగ్యవతి.

"జరంతసేపే అక్కా."

ముల్లు దిగలేదు. ఇక ఒక్కటే మార్గం ఉంది. హీటరు వేస్తే ఇంజన్ వేడి కొంత కారులోకి వచ్చేస్తుంది, ఇంజన్ కాస్త చల్లబడుతుంది. మే నెల ఎండలో, పెళ్లికొడుకు మోకాళ్ల మీదికి, ఇమ్మానుయేలు వేడిగాలి వదిలాడు.

"ఓ అన్నా! గిది కారా, బట్టీనా? మా తమ్ముని పెండ్లి చేస్తవా, పొగబెడ్తవా?"

"అద్దాలు దించుండ్రి అక్కా, దండం పెడత. దగ్గరికొచ్చినం."

నరేష్ నుదుటి కుంకుమ కరిగి ముక్కు మీదుగా దారి చేసుకుంది. పౌడరు చారలైంది. మద్నూర్ ఇంకా కొంత దూరం ఉందనగా బానెట్ కింద ఏదో నిట్టూర్చినట్టయింది. ఆవిరి పూల దండల మధ్య నుంచి తెల్లగా లేచింది. కారు ఆగిపోయింది.

దారిన పోయే లారీ ఒకటి ఆగింది. "కాయ్ ఝాలం?" అని, ఏమైందని మరాఠీలో అడుగుతూ దిగిన డ్రైవరు పెళ్లికొడుకును చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. నరేష్‌ను లారీ ముందు సీట్లోకి ఎక్కించారు. భాగ్యవతి చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కుతూ వెనక్కి తిరిగింది.

"మా తమ్ముణ్ణి కుడుము ఉడకబెట్టినట్టు ఉడకబెట్టినవు కదనే! నీ ఏసీకి ఓ దండం."

లారీ వెళ్లిపోయింది. దండలు వడలిపోతున్న కారు ముందు ఇమ్మానుయేలు ఖాళీ డబ్బాతో నిలబడ్డాడు. ఉల్లిపాయల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ప్రతి లారీ గాలికీ దండల్లోంచి కొన్ని మల్లెలు రాలుతున్నాయి.

ఆ వారంలోనే అతనికి కొత్త పేరు వచ్చింది. ఉడుకు కారు ఇమ్మానుయేలు. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు, కోపం లేకుండా, అదే అసలు పేరైనట్టు. పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఇక మిగిలింది శవాలు. నిజామాబాద్ దవాఖానలో పోయినవాళ్లను ఊళ్లకు చేర్చడానికి కొత్త బండ్లవాళ్లు ఒప్పుకునేవారు కాదు. చనిపోయినవాళ్లు ఏసీ అడగరు. దారిలో కారు ఆపి అతను నీళ్లు పోస్తుంటే, దిగి నిలబడినవాళ్లు ఏడుపు ఆపి చూసేవారు. మూత పెట్టగానే మళ్లీ ఏడ్చేవారు. ఒకసారి ఒక ముసలాయన వచ్చి డబ్బా పట్టుకుని సాయం చేశాడు. "గిది గూడ పోయేటట్టుంది బిడ్డా," అన్నాడు, నెమ్మదిగా, ఓదార్పుగా.

తర్వాతి ఏడాది వానలు లేవు. పెద్ద కాలువకు నీళ్లు వదలలేదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. మంజీరలో ఇసుక మధ్య మడుగులే మిగిలాయి. పండరి పటేలు చెరుకు అంచుల నుంచి ఎండుతూ లోపలికి వస్తోంది. ఆయన బాన్సువాడ వచ్చి, గది బయట గడప మీదే కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఇమ్మానేలూ, డీజిల్ ఇంజన్ ఏడ దొరుకుతలేదురా. నీ బండి ఇంజన్ ఈ ఒక్క పంటకు ఇయ్యి. మడుగు నుంచి నీళ్లు గుంజుకుంట. చెరుకు పోతె నేను గూడ మట్టే."

లోపలి నుంచి పూలమ్మ అంది, "ఇంజన్ ఇస్తె బండి ఏమైతది పటేలా?"

"బండి యాడికి పోతదమ్మా? నా పేరు మీదనే ఉన్నది కద, భద్రంగ ఉంటది."

ఆయన ఆ మాటను బెదిరింపుగా అనలేదు. నిజంగా భరోసా ఇస్తున్నట్టే అన్నాడు. పటేలు వెళ్లాక పూలమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"ఇయ్యనంటె ఏమంటడు?"

"ఏమనడు. గదే ఫికర్," అన్నాడు ఇమ్మానుయేలు.

రెడ్యా షెడ్డులో గొలుసు కట్టి ఇంజన్‌ను పైకి లేపారు. అది గాలిలో కాసేపు నెమ్మదిగా తిరిగింది. కింద కారు ముందు భాగం తేలికై, చక్రాల మీద కొంచెం పైకి లేచింది, బరువు దించుకున్న మనిషిలా. ఇమ్మానుయేలు అటు చూడలేదు.

నది ఒడ్డున కర్ర దిమ్మల మీద ఇంజన్‌ను బిగించి, బెల్టుతో పంపుకు కలిపారు. రేడియేటర్ అవసరం లేదన్నాడు రెడ్యా. పంపు తోడే నీళ్లలోంచి సన్నని పైపు ఒకటి తీసి ఇంజన్‌లోకి వదిలాడు. ఒక పక్క నుంచి మంజీర నీళ్లు చల్లగా లోపలికి పోతాయి, ఇంకో పక్క నుంచి పొలం పిల్లకాలువలోకి పారిపోతాయి.

తొలిరోజు ఇమ్మానుయేలు ఒక డబ్బా నీళ్లు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇంజన్ ఆగకుండా నడుస్తోంది. హెడ్డు మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు. అలాగే ఉంచాడు. జ్వరం దిగిన పిల్లవాడి నుదురులా ఉంది. ఇన్నేళ్లు రోడ్ల మీద అతను వెతికిన చల్లదనం ఇక్కడ, ఈ పొలం గట్టు మీద, దానంతటది వచ్చి కూర్చుంది. పగులు అలాగే ఉంది. బుడగలు బయటి పైపులోంచి కాలువలోకి పోయి, చెరుకు మొదళ్ల మధ్య పగిలిపోతున్నాయి. ఇక్కడ అది లోపం కాదు.

ఇంజన్ ఇంకెవరి చేతికీ లొంగలేదు. పటేలు మనుషులు ప్రయత్నించి విసిగిపోయారు. తెల్లవారగానే ఇమ్మానుయేలు రావాలి, డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీయాలి, తిప్పాలి. పొద్దుగూకే దాకా ఉండాలి. చెరుకు లేచింది. ముంజేతుల మీద ఒకటి, తర్వాత ఇంకొకటి, సన్నని గీతలు పడ్డాయి. బాన్సువాడ గది ఖాళీ చేసి పూలమ్మ తిరిగి ఊరికి వచ్చేసింది. కారు డొల్లను రెడ్యా కొన్నాళ్లు ఉంచి, చోటు చాలక తుక్కు కొనేవాళ్లకు ఇచ్చేశాడు. ఆ కబురు చెప్పడానికి వచ్చి, ఇంజన్ చూసి, అలవాటుగా నవ్వబోయి మానుకున్నాడు.

"మంచిగ నడుస్తుందే అన్నా."

"ఆఁ. మంచిగనే నడుస్తుంది."

ఉగాదికి కొన్నాళ్ల ముందు పటేలు గట్టు మీదుగా నడిచి వచ్చాడు. జీతగాళ్లను ఏడాదికి మాట్లాడుకునే రోజులవి. ఆయన ముఖంలో మళ్లీ నెత్తురు కనిపిస్తోంది.

"వచ్చే ఏడు గూడ కాల్వ నమ్మకం లేదంటుండ్రు. ఇంజన్ ఈడనే ఉండనీ. నువ్వు గూడ ఏడాదికి ఒప్పుకో. కొత్తగ అడిగేదేమున్నది, మీ నాయిన లెక్కనే."

ఇమ్మానుయేలు నీళ్ల వైపు చూశాడు. మడుగు చిన్నదవుతోంది. దాని మీద ఎండ పొడిపొడిగా పడుతోంది.

"వినవడుతుందారా?"

"వినవడుతుంది పటేలా."

"మరి ఉంటవా?"

"ఉంట."

"అయితె జర ఆ కింది మడికి నీళ్లు మళ్లించు. అటు పారక రెండు దినాలాయె," అని పటేలు వెనుదిరిగాడు. ఇమ్మానుయేలు పార భుజాన వేసుకుని చెరుకులోకి దిగాడు.