తాళం వేసేముందు

నిన్న మధ్యాహ్నం తలుపు తీయగానే మెట్లదారంతా కలరా ఉండల వాసన. మా ఎదురు ఫ్లాటులోని భార్యాభర్తలు చలికాలమంతా మైసూరులో కూతురి దగ్గర ఉండి వస్తారట. బీరువాలు సర్ది, మంచాల మీద పాత దుప్పట్లు కప్పి, తాళం వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని లిఫ్టు ఎక్కారు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. లోపల ఎవరూ లేరని వీళ్ళకెలా తెలుసు అనిపించింది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఇద్దరూ నా కళ్ళముందే వెళ్ళారు. అయినా అనిపించింది. తాళం వేసిన తలుపు చూస్తే ఇప్పటికీ నాకలాగే ఉంటుంది. ఆ అలవాటు నరసమ్మది.

అరవైల్లో, కొత్తగా కాపురానికి తెనాలి నుంచి ఉప్పల్ వచ్చినప్పుడు మేము దిగిన ఇల్లు నరసమ్మదే. ఊరి చివర రాతిగోడల పెంకుటిల్లు. ముందు మూడు గదులు మావి. వెనక వైపు ఆమె, ఆమె కొడుకు, ఒక బర్రె. కొడుకు నాచారం ఫ్యాక్టరీలో పనికి సైకిలు మీద వెళ్ళేవాడు. నరసమ్మ పొడుగు మనిషి. కాళ్ళకు వెండి కడియాలు, మగవాళ్ళ గొంతు. అవసరమైతే తప్ప మాట్లాడేది కాదు. మా ఆయనది భూమిలోపలి రాళ్ళను పరీక్షించే ఉద్యోగం. దీపావళి వెళ్ళగానే ఆఫీసు జీపులు కొండలకూ అడవులకూ బయల్దేరేవి, మళ్ళీ శివరాత్రి దాటాకే రాక. పెళ్ళాల్ని వెంట తీసుకెళ్ళవచ్చు. అందుకని ఏటా చలికాలమంతా మా ఇల్లు మూసే ఉండేది.

ఇల్లు మూయడమంటే తాళం వేయడమే అనుకునేదాన్ని నేను. మొదటి ఏడాది నరసమ్మ వచ్చి పక్కన నిలబడి అన్నీ చేయించింది. కందిపప్పులో ఎండిన వేపాకు కలిపించింది. బిందెలూ గంగాళమూ కడిగించి బోర్లించింది. పొయ్యిలో బూడిద కూడా మిగలనివ్వలేదు. పాములు దూరకుండా తూములో కొబ్బరిపీచు కుక్కి రాయి అడ్డం పెట్టింది. అన్నీ అయ్యాక నన్ను వాకిట్లోకి పంపి తానొక్కతే లోపలికి వెళ్ళింది. వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "ఎవలన్న ఉన్నరా? ఉంటే బయటికి రాండ్రి, తాళం ఏస్తున్నం." తరవాత మధ్య గదిలో. ఆ తరవాత ముందు గదిలో. పిలిచిన ప్రతిసారీ, జవాబు కోసం ఆగినట్టు కాసేపు ఆగేది. పిల్లులేమైనా ఉండిపోతాయని కాబోలు అనుకున్నాను. జీపులో మా ఆయన ఆ పిలుపును అనుకరించి నవ్వించారు కూడా.

మరుసటి ఏడు వానాకాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళకుండానే పోయింది. ఉయ్యాల కోసమని మా ఆయన మధ్య గదిలో దూలానికి గొలుసు వేయించి ఉంచారు. దానికి ఉయ్యాల కట్టనేలేదు. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి, పురిటిగుడ్డలన్నీ మూట కట్టి పట్టుకెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా తల నిమిరి, పేరు పెట్టని బిడ్డను లెక్కలో వేసుకోకూడదనీ, త్వరగా మరచిపొమ్మనీ చెప్పింది. నా మంచి కోరే చెప్పింది. నేనూ మరచిపోయినట్టే తిరిగాను.

ఆ తరవాత మొదలైంది ఆ చప్పుడు. మధ్యాహ్నం నాచారం వైపు నుంచి వచ్చే సైరను ఆగిపోయి, చుట్టూ చేలు నిశ్శబ్దమయ్యాక, మధ్య గదిలో గొలుసు కిర్రుమనేది. మెల్లగా, బరువు కట్టి ఊపుతున్నట్టు. వెళ్ళి చూస్తే కదలకుండా వేలాడుతూ ఉండేది. పట్టుకుంటే మాత్రం ఆ ఇనుము వెచ్చగా తగిలేది. గాలికి అన్నారు మా ఆయన. నా ముఖం చూసి, ఒకరోజు స్టూలెక్కి గొలుసు ఊడదీసి బయట పారేశారు. మర్నాడు మధ్యాహ్నం అదే వేళకు ఖాళీ దూలం కింద మళ్ళీ కిర్రుమంది.

దీపావళి దాటింది. నేను రానన్నాను. ఒంట్లో బాగాలేదన్నాను. అసలు సంగతి వేరు. నేను వెళ్ళిపోతే ఇంట్లో దానికెవరున్నారు? ఆ మాట పైకి అంటే పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారు. ఆయన బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి మాట్లాడడం మానేశారు. ఆఫీసు ఉత్తర్వు, వెళ్ళక తప్పదు. చలికాలమంతా ఆ మూడు గదుల్లో నేనొక్కదాన్నే ఉండాలి. తెల్లవారితే జీపు వస్తుందనగా నరసమ్మకు చెప్పుకుని ఆఫీసుకు వెళ్ళారు.

ఆమె మధ్యాహ్నం వచ్చి మధ్య గది గడప మీద కూర్చుంది. నాకేమీ నచ్చచెప్పలేదు. వేపమండలు ఒళ్ళో పెట్టుకుని ఆకు దూస్తూ ఉండిపోయింది. నేను గోడకానుకుని ఉన్నాను. కొంతసేపటికి ఆ చప్పుడు మొదలైంది. నేను తలెత్తి ఆమెను చూశాను. ఆమె దూలం వైపు చూస్తోంది. చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"నాకూ ఇనవడ్తది బిడ్డా" అంది.

అంతవరకూ రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది. నరసమ్మ నన్ను ఆపలేదు. నా ఏడుపు తగ్గాక తన చిన్నప్పటి సంగతి చెప్పింది. ఒక చలికాలం ప్లేగు వచ్చి, ఊరంతా ఇళ్ళకు తాళాలేసి చేలల్లో గుడిసెలు వేసుకున్నారట. వాళ్ళింట్లో వాళ్ళు రెండు బండ్లలో వెళ్ళారు. నాయనమ్మ ఆ బండిలో ఉందని ఈ బండివాళ్ళు, ఈ బండిలో ఉందని ఆ బండివాళ్ళు అనుకున్నారు. ముసలామె ధాన్యం గుమ్ముల వెనక పడుకుని నిద్రపోయింది. గుడిసెలు దూరదూరంగా ఉండడంతో సంగతి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. నరసమ్మ తండ్రి పరుగున వెళ్ళి తాళం తీశాడు. ఇల్లంతా శుభ్రంగా ఊడ్చి ఉందట. గడప లోపలి వైపు కడిగి, పసుపు రాసి ఉందట. ఆ గడప మీదే తల పెట్టుకుని పడుకుని ఉంది, చల్లబడిపోయి. తండ్రి ఆ గడప మళ్ళీ తొక్కలేదు. గోడ పగలగొట్టించి ఇంకో దిక్కున దర్వాజా పెట్టించాడు.

"ఒక్కలు పిలిచినా పలికేది" అంది నరసమ్మ. ఒళ్ళోని వేపాకు దులుపుకుని, "రేపు నువ్వు పిలువు" అంది.

"ఏమని?"

"పేరు వెట్టి పిలువు."

"పేరు లేదు నరసమ్మా."

"లేకుంటే పెట్టు. పేరు లేకుంటే తననే పిలుస్తున్నరని దానికి ఎట్ల ఎర్కైతది?"

తెల్లవారి జీపు వచ్చింది. సామాను ఎక్కించారు. బిందెలు బోర్లించాం, తూము మూశాం, కిటికీలకు గడియలు పెట్టాం. నరసమ్మ గుమ్మం దగ్గర నిలబడి నన్నొక్కదాన్నే లోపలికి పంపింది. వంటింట్లో పిలిచాను, ఎవరైనా ఉంటే రమ్మని. మధ్య గదిలోకి వచ్చాను. రాత్రంతా ఆలోచించినా పేరేదీ తోచలేదు. ఆ గది మిగతా ఇంటికంటే చల్లగా ఉంది. నోరు తెరిస్తే పేరు దానంతట అదే వచ్చింది.

"విమలా, రామ్మా. తాళం వేస్తున్నాం."

ఏ చప్పుడూ లేదు. కాసేపు ఆగి, వెనక్కి చూడకుండా నడిచాను. గుమ్మంలో నరసమ్మ నాకు దారిచ్చి పక్కకు జరిగింది. నేను దాటాను. ఆమె తలుపు మూయలేదు. నా వెనక ఇంకా ఎవరో చిన్నచిన్న అడుగులతో రావాల్సి ఉన్నట్టు, కిందికి చూస్తూ అలాగే పక్కన నిలబడి ఉంది. ఆ తరవాత తలుపు లాగి తాళం వేసింది. జీపు దగ్గర మా ఆయన చేతిలో సిగరెట్టు ఊరికే కాలిపోతోంది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ పిలుపును వెక్కిరించలేదు.

బిడ్డ ఎక్కడికి వెళ్తుందని నరసమ్మను మెల్లగా అడిగాను.

"అది మనం అడుగొద్దు. తలుపు తీసుడే మన పని."

ఆ చలికాలం గుడారంలో నాకు నిద్ర పట్టింది. శివరాత్రి దాటాక తిరిగొచ్చాం. ఇంట్లో వేపాకు వాసన తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నాలు ఉత్త మధ్యాహ్నాలే అయ్యాయి. మేము వచ్చిన అలికిడికి నరసమ్మ బర్రె దగ్గర నుంచే కేకేసింది. "విమలవ్వా, వచ్చినవా?"

అక్కడ అవ్వ అంటే అమ్మ. ఆ ఊళ్ళో తల్లిని పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తారు. మా ఆయన తల దించుకుని తాళంచెవి వెతుక్కున్నారు. నేను పలికాను. ఆమెను చూసి వీధిలో అందరూ అలాగే పిలవసాగారు. తరవాత ఇద్దరు మగపిల్లలు పుట్టినా ఆ పిలుపు మారలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు విమల ఏం చదువుతోందని అడిగితే, పెద్దది, పోయిందని చెప్పేదాన్ని. లెక్కలో వేసుకోవద్దన్న బిడ్డను ఊరందరి నోటా లెక్కలోకి తెచ్చింది నరసమ్మ.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు టైర్ల దుకాణం ఉంది. నన్నలా పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. అయినా ఒక్కోసారి, ఇంట్లో ఎవరూ లేని వేళ, వెనక గదిలోంచి నరసమ్మ మగగొంతు "విమలవ్వా" అంటుంది. వెళ్ళి వెతకను. చేతిలో పని ఆపి, ఉన్నానని పలుకుతాను.