పైకా, బయటికా

పెద్దమ్మ పోయిందని నిన్న పొద్దున రాయచోటి నుంచి ఫోన్. ఈ అరబ్బు దేశంలో, అబ్బాసియాలోని నా గది ముందు చెప్పులు విప్పుతూ ఆ మాట విని అక్కడే కూలబడ్డాను. చెప్పులు విప్పనిదే ఎవరినీ ఇంట్లోకి రానిచ్చేది కాదామె, జీతమిచ్చే వాళ్లనైనా సరే.

చాలా ఏళ్ల కిందట ఇక్కడే సల్వాలో ఆమె వంట చేసే ఇంటాయనది ఇటలీ, ఇంటామెది స్పెయిన్. ఆయన భాషలో ‘సలీరే’ అంటే పైకెక్కడం. ఆమె భాషలో ‘సలీర్’ అంటే బయటికి పోవడం. రెండూ ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయట, దాని అసలు అర్థం దూకడమట. భోజనాల దగ్గర ఎవరి అర్థం సరైనదని ఇద్దరూ సరదాగా పోట్లాడుకునేవారు. “యాడికన్నా పోండి గానీ, కూడు తిని పోండి,” అనేది పెద్దమ్మ, అచ్చ తెలుగులోనే.

ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించాక ఆ పోట్లాటలో సరదా పోయింది. తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారు, దాచినవాళ్లనూ వదలడం లేదు. ఆయన మేడమీద దాక్కుందామంటాడు, ఆమె కారెక్కి ఎడారి దాటుదామంటుంది. నా యజమానులు దేశం విడిచిపోవడంతో నేనూ ఆ ఇంట్లోనే తలదాచుకున్నాను. అప్పుడు కూడా పెద్దమ్మ చెప్పుల పట్టు వీడలేదు. బయట కనబడకూడదని తలుపు లోపలి పక్కన విప్పించేది.

ఒక మధ్యాహ్నం వీధిలో జీపు ఆగింది. దంపతులు ఉత్తకాళ్లతో మేడ మీదికి పరుగెత్తారు. తలుపు అద్దంలో సైనికుల నీడలు. గుమ్మం దగ్గర ఆయన బూట్లు, ఆమె చెప్పులు బుద్ధిగా వరసలో ఉన్నాయి. వాటిని తీసి దాచే వ్యవధి లేదు.

“అవి తొడుక్కోవే,” అని నాకు ఆమె చెప్పులు చూపించి, తను ఆయన బూట్లలో కాళ్లు దూర్చి తలుపు తీసింది.

“ఎవరున్నారు?” అన్నాడు సైనికుడు.

“మామా వాళ్లు ఖలాస్, పోయినారు. మేమిద్దరమే,” అంది వచ్చీరాని అరబ్బీలో. ‘మామా’ అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు.

అతను మెట్టు మీద కాలు పెట్టాడు. పెద్దమ్మ అతని వెనకే వెళ్లి మెట్ల ముందు నిలబడింది.

“పైన నమాజు చేసుకునే చోటుండాది. బూట్లు ఇప్పి పో, నాయనా.”

అతను ఆమె కాళ్ల వంక చూశాడు. “మరి నువ్వు?”

“నేను పైకి పోను. నా పని కిందనే.”

అతను పిక్కల దాకా బిగించిన తన బూట్ల తాళ్ల వంక చూసుకున్నాడు. బయటి నుంచి ఎవరో “యల్లా” అని తొందరపెడుతూ కేకేశారు. హాల్లోని రేడియో చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఆ దంపతులు క్షేమంగా దేశం దాటారు. నేను ఈరోజు ప్రాణాలతో ఉన్నానంటే పెద్దమ్మ చలవే.

ఆ మధ్యాహ్నం ఆమె మాత్రం బూట్లు విప్పి, తడిగుడ్డ అందుకుంది. “ఇల్లంతా పాడు చేస్తి,” అని తనను తనే తిట్టుకుంది. ఇసుక పట్టిన నేల మీద ఆమె తొడిగిన ఆ పెద్ద బూట్ల జాడలు గుమ్మం నుంచి మెట్ల దాకా వచ్చి, మొదటి మెట్టు ముందు ఆగి ఉన్నాయి.