బడాయి కొట్టి పిల్లను పోగొట్టుకోబోయిన వైనం

ముందే ఒప్పుకుంటున్నాను: నేను ఏది చెప్పినా కాస్త ఉబ్బుతుంది. మా అమ్మ దీన్ని బడాయి అనేది. రోజుకు డెబ్బై సార్లు అనేది. సరే, ఏడు సార్లు. ఇంట్లో ఉన్న పిల్లిని ఏనుగంత చేసి, దాని మీద అంబారీ కట్టించుకుని తానే ఊరేగడం బడాయి. మెదక్‌లో దాన్ని కొడతారు, చేస్తారు, దానికి పోతారు కూడా. నేను మూడూ ఒకే పొద్దున కానిచ్చాను.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. నేను తాలూకా కచ్చేరిలో గుమాస్తాను. ఏడుపాయల జాతరలో ఒక పాపన్నపేట పిల్ల గాజులు బేరమాడుతుంటే చూశాను. గాజులాయన కళ్లనీళ్లు పక్కనున్న మంజీర నదిలో కలిశాయి. చేసుకుంటే ఈ పిల్లనే అని అమ్మచేత సంబంధం అడిగించాను.

పెళ్లిచూపులకు ముందు పిల్ల తండ్రి చాటుగా వచ్చి పిల్లవాడి గురించి వాకబు చేయడం మా వైపు ఆనవాయితీ. కచ్చేరి ఎదుటి హోటల్లో ఒక పెద్దాయన నా పక్కనే కూర్చుని, నా పేరే చెప్పి, "ఎసువంటోడు సారూ?" అని అడిగాడు. నేనే అంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా?

"ఆయనా! తహసీల్దార్‌కు సంతకం నేర్పిందే ఆయన. ఆయన దగ్గితే కచ్చేరంత లేచి నిలబడ్తది. కలెక్టర్ సాబు ఆయన్నడగంది మెదక్‌ల అడుగు పెట్టడు!"

పెద్దాయన చాయ్ సాసర్ కింద పెట్టి, తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. "గంత పెద్దోడా! ఎడ్లతోని బతికెటోళ్లం, మాకెట్ల కుదుర్తది? పిల్లను ఇంకో తావుల ఇస్త."

నా గుండె మా మెదక్ పెద్ద చర్చి శిఖరం మీంచి దూకింది.

"ఆగుండ్రి! కలెక్టర్ సంగతి ఇడిసిపెట్టుండ్రి."

"మరి తహసీల్దారు?"

"ఆయన సంతకం ఆయనే పెట్టుకుంటడు."

"దగ్గితే లేస్తరంటిరి?"

"దగ్గితే దవాఖానకు పొమ్మంటరు."

పొయ్యి దగ్గర్నుంచి హోటలాయన అరిచాడు: "గా గుమాస్తా ఈయననే, పెద్దయ్యా! బడాయి మస్తు గని మనిషి మంచోడు."

"అబద్దాలాడుతడా?"

"అబద్దం ఎదుటోన్ని ముంచనీకి. గీయనది ఉత్త ఉబ్బనీకే."

పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, మళ్లీ కూర్చున్నాడు. "ఐతారం రాండ్రి, పిల్లను చూడనీకి. మా ముసల్దాని ముంగట మాత్రం గిట్ల చెప్పకు బిడ్డా, నమ్ముతది."

పెళ్లి నిజం, మామ నిజం, దగ్గు నిజం. ఇందులో కల్పించింది ఒక్కటే. హోటలాయన "బడాయి మస్తు" అని ఊరుకున్నాడు. "మనిషి మంచోడు" అన్నది నేను చేర్చుకున్నాను.