చివరి పేరాలో ఆడినవాళ్ళు

గుడివాడ స్టేషన్లో బందరు పాసింజరు ఉదయం ఏడింటికి కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది గానీ మనసు కుదురుగా లేదు. ఓ దినపత్రిక జిల్లా డెస్కులో ముప్పై ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా చేసి నాలుగు నెలల క్రితమే రిటైరయ్యాను. మొన్న సుజాత మేడమ్ ఫోన్ చేశారు. దివిసీమలో ఓ కాలేజీకి ఆవిడ ఫిజికల్ డైరెక్టరు.

"బందరులో మా అమ్మాయిల కబడ్డీ ఫైనల్ ఉందండీ. ఇన్నేళ్ళూ మీకు ఫోన్లోనే రిజల్టు చెప్పాను. ఈసారైనా వచ్చి చూడండి" అన్నారు.

ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా నా జవాబు ఒకటే: "స్థలాభావం మేడమ్." అబద్ధం కాదు. పేజీలో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోసుకుంటూ రావడం మా పద్ధతి. మగవాళ్ళ ఆట పైన రాస్తాం. 'మహిళల విభాగంలో' అని మొదలయ్యే పేరా ఎప్పుడూ అడుగునే ఉంటుంది, ముందు ఎగిరిపోయేదీ అదే. ఇందులో నా తప్పేముందని ముప్పై ఏళ్ళూ హాయిగా నిద్రపోయాను.

గుడ్లవల్లేరులో ఎక్కిన పెద్దాయన నా పక్కన సర్దుకుని కూర్చుని, "ఎందాకా అండీ?" అన్నాడు.

"బందరండీ. ఆడపిల్లల కబడ్డీ ఫైనల్ చూడ్డానికి."

"ఆడపిల్లలకీ కబడ్డీ ఉందా! పేపర్లో ఎప్పుడూ చూళ్ళేదే!"

ఆ తర్వాత పెడన దాకా నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

కోనేరు సెంటరు దగ్గర లాడ్జిలో దిగాను. వెళ్ళేవాళ్ళు రోడ్డు వైపు గది తీసుకోకండి, ఆటోల హారన్లకు చెవులు చిల్లులు పడతాయి. ఇడ్లీ తిని పదింటికి మైదానం చేరాను. పొద్దున మగవాళ్ళ ఫైనల్. ఫోటోగ్రాఫర్లు, డప్పులు, షామియానా నిండా జనం. మంచి ఆటే, కాదనను. పన్నెండున్నరకల్లా అది అయిపోయింది, కెమెరాలు సంచుల్లోకి వెళ్ళిపోయాయి. మా పత్రిక విలేకరి రమణ నా దగ్గర పని నేర్చుకున్నవాడే. బైకు ఎక్కుతూ, "గురువుగారూ, నాకు ప్రెస్ మీట్ ఉంది. ఆడవాళ్ళ మ్యాచ్ కూడా చూసి రెండూ కలిపి వార్త మీరే పంపించెయ్యండి, ప్లీజ్" అన్నాడు.

సుజాత మేడమ్ తన జట్టు కెప్టెన్ని పరిచయం చేశారు. పేరు దుర్గ, హంసలదీవి దగ్గర పల్లె. తండ్రి చేపల వేటకు వెళ్తాడు.

"రాష్ట్ర క్యాంపుకి పిలిచారండీ. నాన్న సంతకం పెట్టట్లేదు. పోయినేడు గెలిచామంటే నమ్మలేదు. నిజం పోటీ అయితే పేపర్లో పడేది కదా అంటాడు."

పోయినేడు ఆ పేజీ నాదే. ఆ పేరా తీసేసింది నేనే అయివుండాలి. తీసేసినట్టు గుర్తు కూడా లేదు, అందుకు ఇంకా సిగ్గేసింది.

మూడింటికి మొదలైన ఆటలో ఆఖరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. దుర్గ కూతకు వెళ్ళింది. ఒకమ్మాయిని తాకి తిరిగేలోపు ముగ్గురు మీద పడ్డారు. ఒకరు చీలమండ, ఇద్దరు నడుము. ఆ ముగ్గుర్నీ ఈడ్చుకుంటూనే వచ్చి మధ్యగీత మీద వేళ్ళు ఆనించింది. ఉన్నవాళ్ళం ఏభైమందిమైనా ఉంటామో లేదో, నేను మాత్రం గొంతు పోయేలా అరిచాను. నా కన్నబిడ్డ గెలిచినంత గర్వంగా అనిపించింది. ఆ గీత మీది చెయ్యి నా సెల్‌ఫోన్ ఫోటోలో పడింది.

సాయంత్రం ఆరింటికి లాడ్జిలో కూర్చుని వార్త రాశాను. మొదటి వాక్యం దుర్గ పేరుతో మొదలుపెట్టాను. మగవాళ్ళ ఫైనల్ చివరి పేరాలో పెట్టి, ఫోటోతో సహా డెస్కుకి పంపించాను. ఎక్కడ కోస్తారో నాకు తెలియనిదా!

మర్నాడు ఉదయం ఆరింటికి బస్టాండులో పేపరు తెరిచాను. మూడు కాలమ్‌ల ఫోటో, దాని కింద దుర్గ పేరుతో మొదలై మ్యాచ్ అంతా. చివరి పేరా లేదు. పాపం అనిపించింది గానీ నవ్వు ఆగలేదు. ఐదు కాపీలు కొని, అమ్మాయిల జట్టుతో పాటు అవనిగడ్డ బస్సెక్కాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కాబట్టి వాళ్ళకు సున్నా టికెట్లు కొట్టి కండక్టరు నా వైపు తిరిగాడు. "ఛాంపియన్లకి ఫ్రీ. మీరు మాత్రం తియ్యాలి మావయ్యా!" చల్లపల్లి చేరేసరికి చేతులు మారి మారి ఒక పేపరు పీలికలైంది.

అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని మేడమూ, దుర్గా, నేనూ వాళ్ళ పల్లెకు వెళ్ళాం. తండ్రి వల బాగుచేసుకుంటున్నాడు. పేపరు తీసుకుని వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"పోయినేడు కూడా నిజంగా గెలిచారా అండీ?"

"గెలిచారు. పేపర్లో పడకపోవడానికి కారణం నేనే. నేనే తీసేశాను."

అతను నన్ను తిట్టినా పడేవాణ్ణి. అతను మాత్రం లేచి వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు.

"ఆ కాయితం తేవే అమ్మా. సార్, పెన్నుందా?"

సాయంత్రం నాలుగింటికి అవనిగడ్డలో గుడివాడ బస్సెక్కాను. నా ఉద్యోగమంతటిలో రాసిన వార్తలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్కటీ ఒక ఎత్తు అనుకుంటూ కూచిపూడి దాటాను. పామర్రులో బస్సు ఆగి ఉండగా ఫోన్ మోగింది. మగవాళ్ళ జట్టు కోచ్.

"మావాళ్ళు కప్పు కొడితే ఒక్క లైను కూడా లేదేంటండీ?"

"స్థలాభావమండీ" అన్నాను.

"మరి ఆడవాళ్ళకి దొరికింది కదండీ!"

"అవునండీ. ముప్పై ఏళ్ళకి దొరికింది."