కొంగు గుర్తు

మా అక్క హనుమక్క మగ్గం మీద తప్ప ఇంకెక్కడా కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. పెళ్లిపందిట్లో కూర్చోబెట్టినా కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికిన మనిషి. అలాంటిదాన్ని తెచ్చి హిందూపురంలో నా కుట్టుమిషన్ గదిలో పెడితే, నా ప్రాణం తీసింది.

ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ. స్నానం చేస్తుంటే తగిలిందట. దాచుకోకుండా ఆ వారమే చూపించుకుంది, అదొక్కటీ మా అదృష్టం. తొలి దశే కాబట్టి రొమ్మంతా తీయలేదు. గడ్డనూ, చుట్టూ కొంచెం కండనూ, చంకలో ఒకటి రెండు గ్రంథులనూ తీసి పరీక్షకు పంపారు. గ్రంథులకు పాకలేదన్నారు. కీమో అక్కర్లేదు, కొన్ని వారాలు రేడియేషన్, ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజుకో మాత్ర అన్నారు. డాక్టరమ్మ అంతసేపు చెబితే మా అక్క అడిగింది ఒక్కటే.

"ఈ చెయ్యి మళ్లా మగ్గం ఆడిస్తాదా మేడమ్?"

"ఆడిస్తుంది. వ్యాయామం చెయ్యాలి, రేడియేషన్ మధ్యలో మానకూడదు."

నేత బిగించే పలకను ఆమె లాగేది ఎడమ చేత్తోనే. ఆపరేషన్ తర్వాత ఆ చెయ్యి భుజం దాటి లేవలేదు. వ్యాయామమని పళ్లు బిగబట్టి, వేళ్లను నా గదిగోడంతా పాకించేది.

రోజూ పొద్దున రైల్లో బెంగళూరు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడం అంటారు. "పడుకునేది రవ్వంత సేపు, దానికి దినమంతా పాయె" అని గొణిగేది. ఆసుపత్రిలో ఆ కరెంటు మిషన్ దగ్గర పనిచేసే ఇష్రత్ మా హిందూపురం పిల్లే. మొదటిరోజే ఎద మీద ఇంకుతో గుర్తులు గీసి చెప్పింది: "అక్కా, మిషన్ గురి వీటిని బట్టే. నీళ్లు పడితే పడనీ, రుద్దొద్దు."

ఒక శనివారం నేను దారాలకని బజారుకెళ్లి వచ్చేసరికి మనిషి లేదు. ఫోన్ చేశాను.

"యాడుండావే?"

"పెనుకొండ దాటినాలే. రేపు కొత్త పడుగు అతుకుతారంట. మీ బావ ఒక్కడే ఏం జేస్తాడు?"

చీరకు నిలువు పోగులైన కొత్త పడుగును మగ్గానికి అతికేరోజు తలంటుకోకుండా మా ఇళ్లల్లో దాన్ని ఎవరూ ముట్టరు. మహాతల్లి కుంకుడురసంతో ఒళ్లంతా బరబరా రుద్దుకుని, దీపం పెట్టి, పూలు పెట్టుకుని మరీ వచ్చింది.

సోమవారం ఇష్రత్ గాబరాగా బయటికొచ్చింది. "గుర్తులు యాడక్కా?"

"పడుగు ముట్టుకోవల్ల గదా పాపా. మరకలు బెట్టుకోని ఎట్ల ముట్టేది?"

ఆ రోజు మిషన్ ఎక్కించలేదు. మళ్లీ స్కాన్ తీసి, గుర్తులు గీశారు. అక్క ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్లు పెట్టిందంతా పాయెనా?" అంది. "అదేం పోదక్కా, గురి సరిజూసుకోవల్ల, అంతే" అని ఇష్రత్ ఎంత చెప్పినా తలకెక్కలేదు.

తిరుగు రైల్లో "నేనింక రాను. నా చేతులారా చెడగొట్టుకున్యా" అంది. నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టి, మా బావ ఉలిగప్పకు ఫోన్ కలిపి ఆమె చెవిన పెట్టాను. రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి. ఆయన గొంతు నాకూ వినిపించింది.

"ఏమ్మే, పడుగు మింద కొంగు వచ్చేకాడ గుర్తు పెడతామే, చీర అయ్యేదాకా దాన్ని ఎవురన్నా తుడుస్తారా?"

"తుడవరు" అంది అక్క.

"మరి? అంతా అయినాకే రా. నువ్వొచ్చి కూకునేదాకా మగ్గం ముట్టను."

మర్నాడు నాకంటే ముందే లేచి కూర్చుంది. ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు. చర్మం ఎండకు కమిలినట్టు నల్లబడింది. చివరి వారాల్లో నీరసం కమ్మింది. రైల్లో కూర్చున్నచోటే నిద్రపోయేది, ఆ కాళ్లు ఆడేవి కావు. వాటిని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఇప్పుడవి ఆడకపోతే నాకు భయమేసింది.

అంతా అయ్యాక ధర్మవరంలో దిగబెట్టడానికి నేనూ వెళ్లాను. గుర్తులు వాటంతటవే పోతాయి, ఇంకొన్నాళ్లు రుద్దొద్దన్నారు. అందుకని కుంకుడుకాయల డబ్బా ముందే అటకెక్కించాను. అక్క దానికోసం వెతకనే లేదు. ఊరికే నీళ్లు పోసుకుని వచ్చి, గుంటలోకి దిగి, ఎడమ చెయ్యి చాపి పలకను లాగింది. ముఖం నొప్పితో ముడుచుకుపోయింది.

బావ నేత మీద వేలు పెట్టి చూశాడు.

"బిగువు రాలేదు, నాకు తెలుస్తాండాది. ఇప్పు" అంది అక్క. ఆయన ఆ పోగు విప్పాడు. ఆమె మళ్లీ లాగింది.

నేను గుంటలోకి తొంగిచూశాను. కాళ్లు ఆడుతున్నాయి. అక్కడ నిలబడలేక వాకిట్లోకొచ్చి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.