నిన్నటి మనిషి కాదండీ

ఇబ్రహీంపట్నంలో వెల్డింగ్ పని మీద ఉండగా ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. గుణదలలో చేపలమ్మి బతికిన మనిషి. గొంతు పెద్దది. ఆ గొంతు వల్లే మా నాన్న ఈ రోజు బతికున్నాడు.

మన వైపు మర్యాద ఎక్కువ. డాక్టరుగారు వచ్చి "ఎలా ఉంది?" అంటే చాలు, ప్రాణం మీదికొచ్చినా "బానే ఉందండీ" అంటాం. పేగు ఆపరేషన్ అయ్యాక నాన్న కూడా అదే అన్నాడు. అత్త మంచం పక్కనే ఉంది. గంజి చల్లారినా నాన్న సణగలేదు. ఏదైనా అడిగితే ఆలస్యంగా పలుకుతున్నాడు.

అత్త నేరుగా నర్సు దగ్గరికి వెళ్లింది. "అమ్మా, మా తమ్ముడు నిన్నటి మనిషి కాదు."

"ఇందాకే చూశామండీ, బాగానే ఉన్నారు."

"ఇందాక ఇందాకే. ఇప్పుడొచ్చి చూడు తల్లీ. నిన్నంతా నన్ను తిట్టాడు. ఇవాళ తిట్టే ఓపిక లేదు. మాటకో ఊపిరి లాగుతున్నాడు."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "గొడవెందుకు వదినా? వాళ్లకి కోపమొస్తే సరిగ్గా చూడరు."

"వచ్చిన కోపం పోద్ది. పోయిన మనిషి రాడు."

నర్సు వచ్చి మళ్లీ చూసింది. ఆమె ముఖం మారింది. వెంటనే పెద్ద డాక్టరును పిలిచింది. లోపల కుట్టు దగ్గర చీము పట్టి, విషం రక్తంలోకి పాకుతోందట. సమయానికి పట్టుకున్నారు. తర్వాత ఆ నర్సే వచ్చి, "చెప్పి మంచి పని చేశారండీ" అంది.

"రోగం సంగతి మీకు తెలుసు, వాడి సంగతి నాకు తెలుసు. ఇద్దరం కలిస్తేనే కదమ్మా" అంది అత్త.

అదే అత్త, నెమ్ము చేసి తను ఆస్పత్రిలో పడుకున్నప్పుడు డాక్టరుతో ఏమందో తెలుసా? "బానే ఉందండీ."

నాకు ఒళ్లు మండింది. "బాలేదు సార్. నిన్న నన్ను పేరు పెట్టి పిలిచింది. ఇవాళ నన్ను చూసి మా నాన్న అనుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి, చూడండి" అన్నాను. వార్డంతా నా వైపు తిరిగింది. తిరగనీ. డాక్టరు ఆగాడు, చూశాడు, మనుషుల్ని పిలిచాడు. చెయ్యగలిగిందంతా చేశారు. మర్నాడు నేను పనికెళ్లానో లేదో, ఆ ఫోన్.

కర్మల రోజు ఒక బంధువు, "అంత అరిచావు, ఏం ఒరిగిందిరా?" అన్నాడు. చెప్పినా కొందరు పోతారు. చెప్పకపోతే పోనక్కర్లేని వాళ్లు కూడా పోతారు. మీ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో మీకు తెలుసు. ఏం మారిందో అది చెప్పండి. వినకపోతే మళ్లీ చెప్పండి, పై డాక్టరును పిలవమనండి. ఎవరో ఏదో అనుకుంటారని నోరు మూసుకోకండి. నేనైతే మూసుకోను.

నేను వార్డులో అరిచిన రోజు, మంచం చుట్టూ చేరిన తెల్లకోట్ల సందులోంచి అత్త కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి. మాస్కు కింద నోరు కనపడలేదు. బేరం కుదిరినప్పుడు చేసినట్టే, ఒక కనుబొమ్మ పైకెత్తి మెల్లగా దించింది.