పెద్దమ్మ పోసిన రెండో సాక

మా పెద్దమ్మ పోయింది. వానలు వెనకబట్టి, చేలలో పత్తి విచ్చుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మ లేదే. చాయ్ తాగింది, గిన్నె కడిగి బోర్లేసింది, గోడకు ఒరిగి కూసున్నది. పిలిస్తె పలకలే." ఆ సమయానికి నేను చంద్రపూర్‌లో మా ఇంట్లో కూర్చుని, కొత్త సీజన్‌లో వచ్చే అతిథుల కోసం యాత్ర కార్యక్రమం టైపు చేస్తున్నాను. తెర మీద నా వాక్యం సగంలో ఆగి ఉంది: "పదకొండున్నరకు మా పెద్దమ్మ చేతుల మీదుగా సాక." దాన్ని పూర్తి చేయాలో కొట్టేయాలో తెలియక, కంప్యూటర్ అలాగే మూసి వ్యాన్ తాళాలు తీసుకున్నాను.

ఆమె మా నాన్నకు వదిన. విరూర్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే వచ్చే ఊరు వాళ్లది. పెదనాన్న ఈతచెట్లు, తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. నాన్నకు థర్మల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో నేను ఊర్జానగర్ క్వార్టర్లలో పెరిగాను, మరాఠీ బడిలో చదివాను. ఎండాకాలం సెలవులన్నీ పెద్దమ్మ దగ్గరే గడిచేవి. నోటికి వచ్చిన తెలుగంతా ఆమె పెట్టిన భిక్షే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పెదనాన్న తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. ఆ తరువాత అన్న మోకు భుజానేసుకుని అవే చెట్లు ఎక్కుతుంటే, పెద్దమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు. వాడు దిగేదాకా వాకిట్లోంచి లోపలికి మాత్రం పోయేది కాదు.

జిల్లాలో మద్యనిషేధం ఎత్తేశాక నేను ఈ యాత్ర మొదలుపెట్టాను. ఒక వ్యాను, ఏడుగురు అతిథులు, ఒక్క రోజు. పొద్దున్నే జట్పురా గేటు, పాత ఊరి చుట్టూ ఉన్న కోట గోడ, గోండు రాజుల సమాధులు. అక్కడి నుంచి బల్లార్‌పూర్‌లో నది ఒడ్డున కోట. ఆ తరువాత వంతెన దాటి, రాజురా మీదుగా పెద్దమ్మ ఇంటికి వెళ్లి భోజనం, భోజనంతో పాటు ఈతకల్లు. ఎక్కడెక్కడో ద్రాక్షతోటల్లో మనుషులను తిప్పి వైన్ రుచి చూపిస్తారట కదా, మనకు ఈతచెట్లు లేవా అని నా ధీమా.

ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"కోటలు జూసెటోళ్లకు మనింట్ల ఏం పని? ఈడ ఏమున్నది?"

"నువ్వున్నవ్ కద పెద్దమ్మా."

"నన్ను జూస్తరా? నేనేమన్న కూలిపోయిన కోటనా?" అని పక్కున నవ్వింది. మళ్లీ తనే, "ఏడుగురంటే ఎన్ని రొట్టెలు తింటరు?" అని అడిగింది. ఒప్పుకున్నట్టే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ ఇంట్లో నియమాలన్నీ ఆమెవి. ఎంత పెద్ద మనిషి వచ్చినా ముందు నీళ్ల గోలెం దగ్గర కాళ్లు కడుక్కోవాలి. "బసా, బసా" అని మరాఠీలో కూర్చోబెట్టి, జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం వడ్డించేది. ఒక్క రొట్టె అయినా తిననిదే కల్లు ముట్టనిచ్చేది కాదు. "ఖాళీ కడుపుల కల్లు వోస్తె ఆ పాపం నాకు తలుగుతది" అనేది. మోదుగాకు డొప్పతో మనిషికి రెండు డొప్పలు, అంతే. ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు మూడోది కావాలని పట్టుబట్టాడు. పెద్దమ్మ డొప్ప నిండా మజ్జిగ పోసి చేతికిచ్చింది. "మీ ఆఫీసుల మీరు సాబు. ఈడ నా చేతి కింద తాగెటోళ్లు" అంది. ఆయన మూతి ముడుచుకుని తాగాడు. మళ్లీ నెలకే భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని వచ్చాడు.

వీటన్నిటికంటే ముందు ఒక పని జరిగేది. అన్న చెట్టు మీంచి దించిన కల్లుకుండను, లొట్టిని, పెద్దమ్మ రెండు చేతులా అందుకుని, ఎవరి నోటా చుక్క పడకముందే, వాకిట్లో గోడ దగ్గర కొంచెం కల్లు నేల మీద పోసేది. సాక పోయడం అంటే అదే, పోయినవాళ్లకు ముందుగా ఇచ్చేది. మొగుడి పేరు నోటితో పలకదు కాబట్టి, "పిలగాని నాయినా, ఇగో, నీ వంతు" అనేది. అంతటితో అయిపోయేది. మంత్రమూ లేదు, కళ్లనీళ్లూ లేవు, పక్కింటివాళ్లకు కూర గిన్నె అందించినట్టే ఉండేది. ఆమె చెప్పే మాట ఒకటుంది: "సాక ఎవలకో చెప్పి పొయ్యాలె బిడ్డా. చెప్పకుంట పోస్తె పారబోసుడైతది."

ఇప్పుడు నేను రాయాల్సిన చోటికి వచ్చాను. ఇంతవరకూ రాసిందంతా సులువు.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం నాగపూర్ నుంచి ఒకామె కెమెరాతో వచ్చింది. మంచి మనిషే. పెద్దమ్మ సాక పోసే వేళకు ఆమె బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేసుకుని వచ్చేసరికి కల్లు నేలలో ఇంకిపోయింది. "ఆంటీ, ఏక్ బార్ ఫిర్ సే?" అని, ఇంకోసారి పోయమని చేతులు జోడించి అడిగింది. పెద్దమ్మ ఆమె వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"సాక రెండుసార్లు పొయ్యరు బిడ్డా."

"ఉత్తగనే పెద్దమ్మా, ఫొటో కోసం."

"ఉత్తగ ఎట్ల పోస్తరు?"

"ఆమె గంత దూరం నుంచి వచ్చింది. ఒక్కసారి పోస్తె ఏం పోతది?"

ఏడుగురి ముందు నా గొంతు కాస్త పెరిగింది. పెద్దమ్మ లొట్టి ఎత్తుకుంది. ఆమె పోస్తున్నప్పుడు నేను వెనక నిలబడి, అతిథుల నీడలు కెమెరాలో పడకుండా వాళ్లను పక్కకు జరుపుతున్నాను. ఆమె పెదవులు కదలడం చూశాను, ఏమందో వినలేదు. ఆ రోజు ఆమె అతిథులతో కూర్చోలేదు. ఒకతను తనంతట తానే మూడో డొప్ప ముంచుకుంటే చూసి కూడా ఊరుకుంది. అలసిపోయిందనుకున్నాను. అలసట అనుకుంటే మనకు హాయిగా ఉంటుంది కదా.

ఆ వీడియో వెనక వేణువు సంగీతం కలిపి నాగపూర్ ఆమె ఇంటర్నెట్‌లో పెట్టింది. చాలామంది చూశారు. ఆ సాక చూడాలనే నాకు ఫోన్లు రావడం మొదలైంది. నేను ఉబ్బిపోయి, కార్యక్రమంలో పదకొండున్నరకు ఒక వరుస చేర్చాను. మరుసటి వారం పెద్దమ్మ, "ఫోన్లు గీన్లు వ్యాన్లనే వెట్టి రమ్మను" అంది. సరే సరే అన్నాను, ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆమె సాక పోసేటప్పుడు అందరికీ వీపు చేసి, గోడకు మొహం పెట్టి నిలబడేది. అతిథులు ఎందుకని అడిగితే, "తూర్పుకు తిరిగి పోయడం ఆచారం" అని చెప్పాను. ఆ గోడ పడమటిది. పదిహేనేళ్లుగా చూస్తున్నా, ఆ ఇంట్లో అలాంటి ఆచారమే లేదు. కోట గోడల దగ్గర ఒక్క ముక్క తప్పు చెప్పకూడదని రాత్రింబవళ్లు చదివేదాన్ని, సొంత పెద్దమ్మ గురించి నిలబడ్డచోటే అబద్ధం అల్లాను.

పెద్దమ్మ పదోరోజున, బంధువులు తిని సర్దుకుంటున్న వేళ, నాగపూర్ ఆమె నుంచి నాకు ఒక వీడియో వచ్చింది. పెద్దమ్మ పోయిందని ఎవరో చెప్పగా తెలిసిందట. "సంగీతం కలపని అసలు ముక్క ఇది. ఇందులో ఆమె గొంతు ఉంది, మీ దగ్గర ఉండాలి" అని రాసింది. అన్నా నేనూ వాకిట్లో చాప మీద కూర్చుని చూశాం. కోళ్ల అరుపులు, నా గొంతు, "ఏం పోతది?" పెద్దమ్మ లొట్టి వంచుతుంది. అప్పుడు ఆమె మాట, మామూలుగా, స్పష్టంగా వినిపించింది.

"ఇగో, నా వంతు."

నేను మళ్లీ పెట్టి విన్నాను. అదే మాట. అన్న ఆశ్చర్యపోలేదు.

"నీకు ఎర్కనా?" అన్నాను.

"అప్పుడే చెప్పింది. ఒకపాలి తాగిపొయ్యినోణ్ణి మల్ల లేపి ఎట్ల పిలుస్తర్రా, పరాయోళ్ల పేరు ఎట్ల దీస్తరు, ఇగ ఎవలున్నరని నాకే పోసుకున్న అన్నది. నవ్వుకుంటనే అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఏడుస్తవని."

సాక పోసుకుంటే మనిషి పోడు. నాకు తెలుసు. ఆమెకు గుండెజబ్బు ఉంది, వయసు మీద పడింది, డాక్టరు ముందే హెచ్చరించాడు. ఎవరైనా ఆ పని వల్లే పోయిందంటే నేనే కసురుకుంటాను. అయినా నాకు నెమ్మది లేదు. పోయినవాళ్లను మోసం చేయడం ఇష్టం లేక, నా మాట కాదనడమూ ఇష్టం లేక, ఆమె ఆ రెంటి మధ్యా తననే పెట్టుకుంది. బతికుండగా తన వంతు తానే పోసుకునేలా చేసింది నేను. అదీ ఒక బొమ్మ కోసం. సిగ్గుగా ఉంది. ఆమె ఉన్నప్పుడు క్షమించమని అడిగే తెలివి లేకపోయింది, ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఆ సాయంత్రం అన్న లొట్టి తెచ్చి ముందు పెట్టాడు.

"ఆమె వంతు ఆమె తీస్కున్నట్టేనాయె. మనం పొయ్యాల్నా మల్ల?" అన్నాడు.

"అది మనం పోసింది కాదు కదనే" అన్నాను.

వాడు లొట్టిని నా వైపు జరిపాడు. ఎత్తాను. చెప్పాల్సినవి మూడే మాటలు, ఒక్కటీ నోట రాలేదు. చివరికి వాడే అందుకుని పోశాడు. "అమ్మా, ఇగో, నీ వంతు" అన్నాడు. ఆ మాట అచ్చం ఆమెలాగే, ఏ బరువూ లేకుండా పలికాడు.

కార్యక్రమంలోంచి ఆ వరుస కొట్టేశాను. యాత్ర ఆపేద్దామనుకుంటే వదినె ఒప్పుకోలేదు. "అత్త నేర్పిన రొట్టె నాకు వస్తది, తీస్కరా" అంది. మొన్నటి ఆదివారం మొదటి బృందం వచ్చింది. జట్పురా గేటు, సమాధులు, బల్లార్‌పూర్ కోట, అన్నీ చూపించాను. ఈసారి తెలియనివి తెలియవనే చెప్పాను.

మేం వాకిట్లో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. అన్న అప్పటికే ఆ పని ముగించాడు. ఊడ్చిన నేల మీద, గోడ దగ్గర, రొట్టెంత తడి మరక ఉంది. చీమలు అప్పుడే చేరుతున్నాయి. గోలెం వైపు నడుస్తున్న ఒకతని బూటు దాని మీద పడబోతుంటే చేయి అడ్డం పెట్టాను.

"ఇటు నుంచి రండి."

"ఇక్కడ సాక పోస్తారట కదా, వీడియోలో చూశాం" అంది వెనక నుంచి ఒకమ్మాయి, ఫోన్ చేతిలో సిద్ధంగా పట్టుకుని.

"అయిపోయిందమ్మా. ఒక్కసారే పోస్తారు."

ఆ అమ్మాయి ఫోన్ దించింది. ఏడుగురూ ఒకరి వెనక ఒకరు ఆ తడిని చుట్టి వెళ్లారు. చివరగా వచ్చిన పెద్దావిడ, అదేమిటో తెలియకపోయినా, చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా పక్క నుంచి నడిచి వెళ్లింది.